లార్నకాకి ముప్పావు గంట

ఆదివారం పొద్దున్న చర్చి గంట మోగేసరికి ఓడెట్ ఇంకా జుట్టు దువ్వుకుంటోంది. ఉలిక్కిపడి గోడ గడియారం వైపు చూసింది. పూజకి ఇంకా గంట టైముంది కదా అనుకుంటుండగానే ఎదురింటి బాల్కనీలోంచి మార్సెల్ కేకేసింది.

"ఏమే ఓడెట్, ఇంకా ప్రభుత్వం టైములోనే ఉన్నావా? దేవుడి టైములోకి రా తల్లీ, పూజ మొదలైపోతోంది!"

ఏటా మార్చి ఆఖర్న గడియారాలు ఒక గంట ముందుకు తిప్పుకోవడం లెబనాన్‌లో అందరికీ అలవాటే. ఆ ఏడు మాత్రం, రంజాన్ ఉపవాసాలు అయ్యేదాకా ఎవరూ ముల్లు ముట్టుకోవద్దని ప్రభుత్వం చెప్పింది. మమ్మల్ని అడక్కుండా అదేం నిర్ణయమని చర్చివాళ్ళు ముల్లు తిప్పేశారు. దాంతో బీరూట్‌కి రెండు టైములు వచ్చిపడ్డాయి. బడికి ఒకటి, బ్యాంకుకి ఇంకొకటి. ఒకే ఇంట్లో రెండు ఫోన్లు రెండు రకాలుగా చూపించాయి. జనం మొదటిరోజు నవ్వుకున్నారు. రెండోరోజుకి దెబ్బలాడుకున్నారు. యుద్ధం రోజుల నాటి మాటలు టీవీల్లో మళ్ళీ వినపడ్డాయి.

ఓడెట్ ఉండేది ఐన్ రుమ్మానెలో. క్రైస్తవుల పేట. వంటింటి కిటికీ తీస్తే సైదా పాత రోడ్డు కనిపిస్తుంది. రోడ్డుకి అవతల షియ్యాహ్, ముస్లింల పేట. యుద్ధంలో ఆ రోడ్డుకి ఇటూ అటూ తుపాకులు పెట్టుకుని కూర్చున్నారు. ఓడెట్ తమ్ముడు షర్బెల్ ఒకనాడు కాల్పులు ఆగాయని విని, అటువైపున్న స్నేహితుడి దగ్గర సైకిల్ తెచ్చుకుంటానని రోడ్డు దాటాడు. అంతే. శవం కూడా రాలేదు. యుద్ధమయ్యాక రోడ్డు తెరిచారు, దీపాలు పెట్టారు, బస్సులు నడిపారు. ఓడెట్ మాత్రం అటువైపు కాలు పెట్టలేదు. కూరగాయలు అటు చవకని అందరూ వెళ్ళినా ఆమె వెళ్ళలేదు.

ఆమె ఒక్కగానొక్క కూతురు రిందలా, సరిగ్గా ఆ రోడ్డవతల వాడినే ప్రేమించింది. పేరు హైదర్. ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తారు. వాళ్ళ మేడ మీద ఆరేసిన దుప్పట్లు ఓడెట్ గిన్నెలు తోముకుంటూ రోజూ చూస్తూనే ఉంది, ఎవరివో తెలియక.

లెబనాన్‌లో పెళ్ళంటే ఏదో ఒక మతం పద్ధతిలోనే జరగాలి. ఎవరి పద్ధతికి ఎవరు తల వంచాలన్న దగ్గరే సగం ప్రేమలు చచ్చిపోతాయి. వంచం గాక వంచం అని పంతం పట్టినవాళ్ళు విమానమెక్కి సైప్రస్ పోయి, లార్నకా మునిసిపాలిటీలో సంతకాలు పెట్టి వచ్చేస్తారు. ఆ కాగితం ఇక్కడా చెల్లుతుంది. విమానం ఎగిరి దిగడానికి ముప్పావు గంట. కొండమీది ఊళ్ళకి కారులో పోవడానికి అంతకు రెట్టింపు పడుతుంది.

"నువ్వు రోడ్డు దాటలేవు కాబట్టి మేం సముద్రం దాటుతున్నాం," అంది రిందలా ఒకరోజు గుడ్ల నీళ్ళు కుక్కుకుని.

"దాటు. నేను మాత్రం రాను," అంది ఓడెట్.

రానందే గానీ, వీసా కోసం పిల్ల వచ్చి ఆమె పాస్‌పోర్టు అడిగితే తీసిచ్చింది. సంతకం పెట్టమన్న చోట పెట్టింది. టికెట్ తెచ్చి మేరీమాత బొమ్మ కింద పెడితే చూసీ చూడనట్టు ఊరుకుంది. రిందలా అందులో ఏం చదువుకుందో ఆమెకే తెలియాలి. శనివారం పొద్దున్న పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడి, "మంగళవారం పదకొండున్నరకి పెళ్ళి. నీ విమానం ఆరోజు పొద్దున్న తొమ్మిదికి. ఇంక నిన్ను బతిమాలను," అని వెళ్ళిపోయింది.

వెళ్ళేముందు ఒక్కటే అడిగింది. పెళ్ళికి కొనుక్కున్న తెల్లకోటు చేతులు పొడుగయ్యాయి, కాస్త మడిచి కుట్టిపెట్టమంది. ముప్పై ఏళ్ళుగా పేటలో పెళ్ళికూతుళ్ళందరి బట్టలూ కుట్టిన చెయ్యి ఓడెట్‌ది. "నాకు తీరిక లేదు," అంది. ఇంట్లో కుట్టుమిషను మీద ఒక్క గుడ్డముక్క లేదప్పుడు.

ఆ కోటు చేతులు ఆమెని నిద్రపోనివ్వలేదు. ఆదివారం పూజలో మోకరిల్లితే అవే. సోమవారం బీన్స్ తుంచుతుంటే అవే. పిల్ల సంతకం పెట్టేటప్పుడు చెయ్యి చాపుతుంది, కోటు వేళ్ళదాకా జారుతుంది, ఆ కలం పట్టుకోవడానికి రెండో చేత్తో గుడ్డ వెనక్కి లాక్కుంటుంది. తల్లి లేని పిల్లలా. సాయంత్రం పొయ్యి ఆపి, పెట్టె దించి, సూది దారం కత్తెర ముందు పెట్టింది. తర్వాతే తన బట్టలు పెట్టుకుంది.

మార్సెల్ తలుపు తోసుకుని వచ్చింది. పెట్టె చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరిదీ నలభై ఏళ్ళ స్నేహం.

"పిల్లకి చెప్పావా?"

"ఏమని చెప్పను? వస్తున్నానంటే ఎందుకు మారావంటుంది. దానికి జవాబు నా దగ్గర లేదు. ఎదురుగా వెళ్ళి నిలబడతాను, అంతే."

"సరేలే. విమానం ఎన్నింటికి?"

"తొమ్మిదికి."

"ఎవరి తొమ్మిది?"

ఓడెట్ చేతిలో మడత ఆగిపోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎయిర్‌పోర్టు ఎవరిది? ప్రభుత్వానిది," అంది మార్సెల్ వేళ్ళు మడుస్తూ. "ప్రభుత్వం ముల్లు తిప్పలేదు. వాళ్ళకి తొమ్మిదైతే మనకి పది. నువ్వు మన టైము ప్రకారం తొమ్మిదికే ఎక్కాలనుకుని పోయావనుకో, గంటసేపు ఆ ఇనప కుర్చీల్లో చలికి వణుకుతూ కూచోవాలి."

"అంతేనంటావా?"

"లెక్కలో నన్ను మించినవాళ్ళెవరే ఈ వీధిలో? ఎనిమిదింటికల్లా అక్కడుండు. చాలు. రెండు గంటల ముందున్నట్టే."

టికెట్ మీద తొమ్మిదని ముద్రించింది ఈ గొడవకి ముందు, ఏటా లాగే ముల్లు తిప్పుతారన్న లెక్కలో అని ఇద్దరికీ తట్టలేదు. పై దేశాల విమానాశ్రయాలు లెబనాన్ గొడవ కోసం ఆగవు కదా. అందుకని విమానాల సంస్థ తన విమానాలన్నిటినీ ప్రభుత్వ గడియారం ప్రకారం ఒక గంట ముందే బయల్దేరేట్టు జరిపేసింది. అంటే ఏమీ తేడా చెయ్యకుండా చర్చి గంట నమ్ముకుని పోయినవాళ్ళు సుఖంగా ఎక్కేశారు. తెలివి ఉపయోగించినవాళ్ళే మునిగారు. ఆ సంగతి చెబుతూ సంస్థ పంపిన కబురు, టికెట్ కొన్న రిందలా ఫోనుకి పోయింది. ఆ ఫోనులోని ఇక్కడి సిమ్ శనివారమే మూగబోయింది.

మంగళవారం పొద్దున్న పేటలో కారు నడిపే అబూ ఇలీ వచ్చాడు. పెట్టె డిక్కీలో పెడుతూ నవ్వాడు.

"ఓడెట్ అక్కా, ఏ టైముకి దింపమంటావ్? చెప్పు. ఈ పక్క సందులోంచి పోతే ఏడున్నర, ఆ పక్క సందులోంచి పోతే ఆరున్నర. నాకు వయసు తగ్గించుకోవాలనిపిస్తే షియ్యాహ్ మీదుగా పోతున్నా ఈ మధ్య."

"వాగుడు ఆపి బండి తీయరా. ఆ రోడ్డు మీదుగా వద్దు."

"అది అడ్డదారి అక్కా. పది నిమిషాలు కలిసొస్తుంది."

"వద్దన్నానా?"

అబూ ఇలీ అద్దంలో ఆమె మొహం చూసి చుట్టుదారి పట్టాడు. ఆ పది నిమిషాలు ఉంటే ఏమయ్యేదో ఓడెట్ తర్వాత చాలాసార్లు ఆలోచించుకుంది.

ఎయిర్‌పోర్టులో లార్నకా అని రాసున్న కౌంటర్ ముందు ఎవరూ లేరు. అబ్బ, మనమే ముందొచ్చాం అనుకుంది. కౌంటర్ వెనక అమ్మాయి కాగితాలు సర్దుకుంటోంది.

"మదాం, ఇది మూసేశాం."

"ఇంకా తెరవలేదా?"

"మూసేశాం మదాం. విమానం గంటలోపే ఎగురుతుంది. మీకు కబురు రాలేదా?"

ఓడెట్ టికెట్ చాపింది. "తొమ్మిదికి కదమ్మా. మీ తొమ్మిదికి."

ఆ అమ్మాయి మొహంలో జాలి, విసుగు కలిసి కనిపించాయి. ఈ రెండు రోజుల్లో ఎంతమందికి చెప్పిందో ఈ మాట. "మా తొమ్మిది కాదు మదాం. మీ తొమ్మిదే. మా గడియారంలో అది ఎనిమిది."

"విమానం ఇక్కడే ఉందిగా మరి? ఎగరలేదుగా? పరిగెడతానమ్మా. నా పెట్టె చిన్నదే చూడు, ఒళ్ళో పెట్టుకుంటాను. నా కూతురు పెళ్ళి."

"గంట ముందే పేర్లు ముగించేస్తారు మదాం. నా చేతిలో లేదు. సాయంత్రం ఇంకోటుంది, దాదాపు నిండిపోయింది. మధ్యాహ్నం దాకా ఆగితే ఎవరైనా మానుకున్నారేమో చూసి చెప్తాను."

పెద్ద అద్దాల్లోంచి విమానం కనిపిస్తూనే ఉంది. తెల్లగా, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడుంది. ఆమె చూస్తుండగానే వెనక్కి జరిగింది, తిరిగింది, పోయింది. ఓడెట్ కుర్చీలో కూలబడి ఇంటర్నెట్ మీద కూతురికి ఫోన్ చేసింది. రెండోసారికి ఎత్తింది రిందలా. వెనకాల ఎవరో ఆడపిల్లలు నవ్వుతున్నారు.

"అమ్మా?"

"రిందలా, నేను ఎయిర్‌పోర్టులో ఉన్నానే. బయల్దేరానే. విమానం తప్పిపోయింది. ఈ టైముల గొడవలో మార్సెల్ ఏమందంటే..."

అవతల నవ్వులు ఆగిపోయాయి. రిందలా పక్కకి నడిచిందని అడుగుల చప్పుడు బట్టి తెలిసింది.

"అమ్మా, ఒద్దు."

"ఏమిటే ఒద్దు?"

"కథలు ఒద్దు. రానన్నావు, రాలేదు. నేనేమన్నా అన్నానా? ఈ మూడ్రోజుల్లో ఒక్కమాటన్నా వస్తున్నానని చెప్పావా? ఇప్పుడు గడియారం మీదకి తోసేస్తున్నావు. పెళ్ళిపూట నాకు అబద్ధం చెప్పకమ్మా. రానందుకు నాకు బాధ లేదు. దీనికి బాధగా ఉంది."

"ఒట్టే. షర్బెల్ మీద ఒట్టు."

"ఆ పేరెత్తకు. ఇవాళ ఆ పేరెత్తకు." ఫోన్ పెట్టేసింది.

మళ్ళీ చేస్తే మోగింది మోగింది ఆగిపోయింది. ఓడెట్ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిజం చెప్తే నమ్మించడానికి ఇంత కష్టమా? కన్నకూతురి నోటివెంట అబద్ధాలకోరు అనిపించుకున్నాక ఇంకేం మిగిలింది?

అప్పుడు వినిపించింది కౌంటర్ దగ్గర ఒక గొంతు. బొంగురుగా, హాలంతా మోగేట్టు. "నేను పెందరాళే వచ్చానమ్మా! ముసలిదాన్ని చేసి ఆడుకోకు. గంటన్నర ముందొచ్చాను. ఇదిగో నా వాచీ. ప్రభుత్వం వాచీయే ఇది, చర్చిది కాదు!"

ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా, పొట్టి మనిషి, చేతిలో గుడ్డతో కట్టిన డబ్బా. ఓడెట్ చటుక్కున మొహం తిప్పుకుంది. హైదర్ తల్లి. వాళ్ళ పేటలో తల్లిని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు, ఉమ్ హైదర్ అని.

కిందటి శీతాకాలంలో ఈవిడ ఓడెట్ ఇంటికి వచ్చింది, మొగుణ్ణీ కొడుకునీ వెంటబెట్టుకుని, పిల్లనడగడానికి. అడగడానికి వచ్చినవాళ్ళకి కాఫీ ఇస్తారు. వాళ్ళు తాగరు. కప్పు ముందు పెట్టుకుని కూర్చుంటారు. పిల్ల తరఫువాళ్ళు "తాగండి" అన్నారంటే సరేనన్నట్టు. ఓడెట్ ఆరోజు మూడు కప్పుల కాఫీ పెట్టింది, ఎదురుగా కూర్చుంది, వానల గురించి మాట్లాడింది, కరెంటు గురించి మాట్లాడింది. ఆ ఒక్కమాట అనలేదు. కాఫీ చల్లారి, పైన పొర కట్టింది. చివరికి ఉమ్ హైదర్ లేచి, తలముసుగు సర్దుకుని, "మీ ఇల్లు చల్లగా ఉండాలి," అని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆవిడ ఫోనులో కొడుకుతో మాట్లాడుతోంది. అరుస్తోంది అనాలి. "ఒరేయ్ హైదర్, పోయిందిరా! కళ్ళముందే పోయింది! ఆ... నవ్వు, నవ్వు. నీ తల్లిని చూసి నవ్వు. నా వాచీ సరిగ్గానే ఉందిరా, విమానానికే పిచ్చెక్కింది!" ఫోనులోంచి కొడుకు నవ్వు ఇక్కడిదాకా వినపడుతోంది. "సరే సరే. సాయంత్రం దానికి చూస్తానన్నారు. నువ్వు ఏడవకు. నేను వస్తాను. ఎలాగైనా వస్తానని తెలుసుగా?"

ఓడెట్ విన్నది. ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే విమానం, ఒకే పొరపాటు. ఆ తల్లికి నవ్వు వచ్చింది, ఈ తల్లికి తిట్టు వచ్చింది. గడియారం ఇద్దరికీ ఒకే అన్యాయం చేసింది. తేడా గడియారంలో లేదు.

"అరె, ఎవరూ? రిందలా అమ్మవి కదూ?"

తప్పించుకోవడానికి దారి లేదు. ఉమ్ హైదర్ డబ్బా పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఓడెట్ పక్కనున్న పెట్టె చూసింది. కౌంటర్ వైపు చూసింది. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి.

"నువ్వు కూడానా వదినా?"

వియ్యపురాలి వరస. ఇంకా పెళ్ళి కాకముందే కలిపేసింది. ఓడెట్ తలూపింది. కళ్ళవెంట నీళ్ళు జలజలా రాలాయి. ఉమ్ హైదర్ పక్కన కూలబడి తన రుమాలు తీసిచ్చింది. ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు.

పదకొండున్నరకి మునిసిపాలిటీలో ఉన్న హైదర్ చెల్లెలు ఫోనులో బొమ్మ కలిపింది. ఉమ్ హైదర్ ఫోను ఇద్దరి మధ్యా పట్టుకోబోయింది. ఓడెట్ పక్కకి జరిగింది.

"నన్ను చూపించకు."

"ఎందుకు? పిల్ల సంతోషిస్తుంది."

"సంతోషించదు. పొద్దున్న నేను చెప్పింది నమ్మలేదు. ఇప్పుడు నన్ను చూస్తే ఆ మొహం మారిపోతుంది. పెళ్ళిపూట మారనివ్వను."

ఉమ్ హైదర్ ఆమెని తేరిపార చూసింది. ఫోను తన మొహానికి దగ్గరగా పట్టుకుంది, ఓడెట్‌కి ఓరగా కనపడేటట్టు. చిన్న గది, ఒక బల్ల, జెండా, మెడలో గొలుసు వేసుకున్న అధికారి. గుమ్మంలో తర్వాతి జంట అప్పుడే పూలు పట్టుకుని నిలబడి ఉంది. రిందలా తెల్లకోటు వేసుకుంది. చేతులు లోపలికి మడిచి ఏ పిన్నీసో పెట్టుకున్నట్టుంది, ఎడమది జారింది. ఓడెట్ వేళ్ళు గాలిలోనే ఆ గుడ్డని సర్దాయి. అధికారి ఏదో అడిగాడు. రిందలా అవునంది. హైదర్ అవునన్నాడు, అని కళ్ళు తుడుచుకున్నాడు. అయిపోయింది. వాళ్ళు లేచేలోపే రెండో జంట కుర్చీల దగ్గరికి వచ్చేసింది.

ఉమ్ హైదర్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సంతోషంగా ఉలూలూ అని కూత పెట్టింది. హాల్లో జనమంతా తిరిగి చూశారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఓడెట్ కూత పెట్టలేదు.

చర్చి లెక్కలో పన్నెండు దాటింది. ఈస్టర్ ముందు రోజులు కాబట్టి ఓడెట్‌ది పన్నెండు దాకా పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టని ఉపవాసం. అది అయిపోయింది. ఏం చెయ్యాలో తెలియక లేచి వెళ్ళి, అలవాటు కొద్దీ రెండు కాఫీలు తెచ్చింది. ఒకటి ఉమ్ హైదర్ చేతిలో పెట్టి, "తాగండి," అంది.

అన్నాకే ఆ మాట ఏమిటో తెలిసింది.

ఉమ్ హైదర్ కప్పు వైపు చూసింది. ఓడెట్ వైపు చూసింది. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమో అనుకుంది ఓడెట్. కాదు, నవ్వు. పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఓసి నీ అసాధ్యం కూలా! ఈ మాట కోసం ఆరోజు మీ ఇంట్లో గంటసేపు కప్పుకేసి చూస్తూ కూచున్నానే! అప్పుడు అనలేదు. ఇప్పుడా అంటావు? రంజాన్‌లోనా? పొద్దున్నుంచీ మంచినీళ్ళ చుక్క తాగనిదాన్ని పట్టుకుని ఇప్పుడా?"

ఓడెట్‌కి కూడా నవ్వొచ్చింది. ఏడుపులోంచే వచ్చింది. రెండు కప్పులూ నేలమీద పెట్టింది. తనదీ తాగలేదు. పక్కన మనిషి నోరు కట్టుకుని కూర్చుంటే ఎలా తాగుతుంది?

కాసేపటికి కౌంటర్ అమ్మాయి వచ్చింది. "ఒక్క సీటు దొరికింది. ముందు పేరు రాయించింది..." కాగితం చూసుకుంది, "నల్ల బట్టలావిడ. మదాం, మీకు రేపు పొద్దున్నదే."

"రేపు మధ్యాహ్నానికి వాళ్ళే తిరిగొచ్చేస్తున్నారు," అంది ఓడెట్ నెమ్మదిగా.

ఓడెట్ కౌంటర్ దగ్గర ఏడ్చింది, బతిమాలింది, కానీ పేరు రాయించాలని తోచలేదు. తొందరగా తేరుకున్నావిడ రాయించుకుంది. న్యాయమే. ఓడెట్ పెట్టె పిడి పట్టుకుని లేచింది. రెండడుగులు వేసింది. ఇప్పుడు ఇంటికి పోతే, ఆ పిల్ల పొద్దున్న అన్నమాట నిజమైపోతుంది. గడియారం సాకు చెప్పి ఇంట్లో కూర్చున్న తల్లి. బతికినన్నాళ్ళూ అంతే. ఆమె వెనక్కి తిరిగింది. తన జన్మలో ఆ రోడ్డవతల మనిషిని ఏదీ అడగలేదు. దారి కూడా అడగలేదు.

"ఉమ్ హైదర్, ఆ సీటు నాకిస్తావా?"

ఉమ్ హైదర్ మొహంలో నవ్వు పోయింది. "వాడు నా పెద్దకొడుకు. సాయంత్రం పెళ్ళి విందు పెట్టుకున్నారు. పొద్దుగూకాక తల్లితో కలిసి ఉపవాసం విడుస్తానని వాడు ఖర్జూరాలు కొని పెట్టుకున్నాడు. తెలుసా?"

"తెలియదు."

"ఆ డబ్బాలో వాడికిష్టమని రాత్రంతా చేసిన మామూల్, ఖర్జూరం కూరిన మిఠాయి ఉంది. నాకివ్వమని అడగడానికి నీకు నోరెలా వచ్చింది?"

ఓడెట్ అలాగే నిలబడింది. తిట్టినా పడదామని నిలబడింది.

ఉమ్ హైదర్ చాలాసేపు వేళ్ళ మధ్య జపమాల తిప్పింది. "నేను రాకపోతే మావాడు ఏమనుకుంటాడు? మా అమ్మకి వీలు కాలేదు అనుకుంటాడు. బాధపడతాడు, పడుకుని లేస్తాడు. నువ్వు పోకపోతే నీ పిల్ల అలా అనుకోదు." డబ్బా ఎత్తి ఓడెట్ చేతుల్లో పెట్టింది. "పో. కానీ వాడికి నేను ఫోన్ చేసి చెప్పను. ఒకరు వస్తున్నారని మాత్రం అంటాను. వాడు నా కోసమే ఎదురుచూస్తుంటాడు. నేనెందుకు రాలేదో వాడికి నువ్వే చెప్పాలి. నీ నోటితో, వాడి మొహం చూసి. వాణ్ణి పేరు పెట్టి ఇంతవరకు ఒక్కసారన్నా పిలిచావా?"

"లేదు."

"అదే మరి."

ఆవిడ తలముసుగు సర్దుకుంది. ఇంటికి పోయి మొగుడికీ మిగతా పిల్లలకీ పప్పుచారు కాచాలంది. తలుపు దాకా వెళ్ళి, తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది. ఆవిడ భుజాలు మళ్ళీ కదులుతున్నాయి. ఈసారి నవ్వు కాదు.

సాయంత్రం విమానం లేచేసరికి సముద్రం మీద పొద్దు ఇంకా గూకలేదు. ముప్పావు గంటంటే ఎంతసేపు? సీటు బెల్టు పెట్టుకుని, తీసుకుని, ఓడెట్ మనసులో మాటలు కూర్చుకోవడానికే చాలలేదు. హైదర్, మీ అమ్మ. కాదు. బాబూ, మీ అమ్మ. అదీ కాదు. కిందికి దిగుతున్నామని చెప్పినప్పటికి ఒక్క వాక్యం కూడా నిలవలేదు.

లార్నకాలో తలుపులు తెరుచుకున్నాయి. కమ్మీల అవతల ఇద్దరూ నిలబడి ఉన్నారు. హైదర్ చేతిలో కాగితం సంచి, మొహం నిండా నవ్వు. వచ్చేవాళ్ళ తలల మధ్యనుంచి పొట్టిగా నల్లగా ఉన్న మనిషి కోసం కిందికి చూస్తున్నాడు. ఓడెట్ వచ్చి ఎదురుగా నిలబడేదాకా ఆమెని చూడలేదు. రిందలా చూసింది. చూసి, రాయిలా నిలబడిపోయింది.

పిల్లని కౌగిలించుకోవాలని చేతులు లాగేస్తున్నాయి. కానీ ఉమ్ హైదర్‌కి ఇచ్చిన మాట ముందు.

"హైదర్," అంది. "మీ అమ్మ రాలేదు నాయనా. సీటు ఒకటే ఉంది. అది ఆవిడదే. నేను అడిగాను. అడిగితే నాకిచ్చేసింది. పొద్దున్న మేమిద్దరం కలిసే తప్పిపోయాం. ఇది నీకు పంపింది."

అతను డబ్బా తీసుకున్నాడు. ముడి చూశాడు, తల్లి కట్టిన ముడి. నవ్వు మొహం మీంచి మెల్లగా జారిపోయింది. "అమ్మ ఉపవాసం విడిచిందా?" అన్నాడు.

"తెలియదు నాయనా. నేను బయల్దేరేముందే ఇంటికి పోయింది."

అతను తలూపి, పక్కకి వెళ్ళి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చేతిలో కాగితం సంచి నలిగిపోతోంది. రిందలా తల్లి వైపు అడుగు వేయబోయి, ఆగి, అతని దగ్గరికి వెళ్ళింది. వీపు మీద చెయ్యి వేసి, చెవిలో ఏదో చెప్తోంది. ఓడెట్ అక్కడే నిలబడింది. ఒకరి సంతోషం లాక్కుని వచ్చిన మనిషికి, కాసేపు నిలబడడం పెద్ద శిక్షేం కాదు. ముందు అతని దగ్గరికి పోవడమే సబబు. తను అయినా అదే చేసేది.

చాలాసేపటికి రిందలా వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పొద్దున్న నిజంగానే ఉన్నావా అక్కడ?"

"ఉన్నాను."

"నేను నమ్మలేదు."

"నమ్మేలా నేనెప్పుడున్నాను?"

రిందలా కాదనలేదు. క్షమించాననీ అనలేదు. తల్లి మొహంలోకి చూసి, "ఏమన్నా తిన్నావా?" అంది.

"లేదు."

వెనకనుంచి హైదర్ వచ్చాడు. ఫోను చెవి దగ్గరే ఉంది. తల్లి గొంతు ఇక్కడిదాకా వినపడుతోంది, బొంగురుగా, ఎవరినో తిడుతున్నట్టు. అతను కాసేపు విని, కాగితం సంచి తెరిచి ఓడెట్ ముందుకి చాపాడు. ఆమె మొహంలోకి చూడలేదు.

"అమ్మ ఇప్పుడే ఉపవాసం విడిచిందట. మీరూ పొద్దున్నుంచి ఏమీ తిని ఉండరంది," అన్నాడు. "ముందు ఖర్జూరం తీసుకోండి."